తవ్వెడు విశ్రాంతి

హైమవతి చేసిన తప్పల్లా నిజం రాయడం.

స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తులో 'కారణము' అని ఒక గడి ఉంటుంది. వేలెడంత గడి. అందులో పట్టేలా అందరూ 'వ్యక్తిగతము' అనో, 'అనారోగ్యము' అనో, 'కుటుంబ పరిస్థితులు' అనో రాసేసి సంతకం గిలికేస్తారు. ముప్పై ఏళ్లుగా ఇతరుల దరఖాస్తులు సరిదిద్దుతూ వచ్చిన సూపరింటెండెంటు హైమవతికి ఆ సంగతి తెలియక కాదు. కానీ తన దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి ఆ గడి ముందు కూర్చుని నిజాయితీగా ఆలోచించింది. అనారోగ్యమా? మోకాళ్లు తప్పిస్తే తక్కిన ఒళ్లంతా బాగానే ఉంది. కుటుంబ పరిస్థితులా? అవి పెళ్లయిననాటి నుంచీ ఉన్నవే, కొత్తగా ఏం వచ్చాయని? చివరికి తన గుండ్రటి దస్తూరీలో రాసింది: "మధ్యాహ్నము పూట నిద్రపోవుటకు."

రాసి, చదువుకుని, తనలో తాను నవ్వుకుంది. కొట్టేద్దామా అనుకుంది. కొట్టివేతలున్న దరఖాస్తు చెల్లదని నాలుగేళ్ల కిందట తనే సర్క్యులర్ రాసిన సంగతి గుర్తొచ్చి ఊరుకుంది.

అబద్ధం కాదు మరి. ఈ యాభై మూడేళ్ల మనిషి మధ్యాహ్నం నిద్ర ఎరిగి ముప్పై ఏళ్లయింది. వారానికి ఆరు రోజులు ఆఫీసు. ఆదివారం వంటిల్లు. ఏ ఆదివారమైనా అన్నాలయ్యాక చాప మీద ఒరిగితే, గేటు చప్పుడుకో, కుక్కరు కూతకో చటుక్కున లేచి కూర్చునేది. ఎవరి కంటైనా పడితే, "నిద్రా పాడా! ఉత్తినే నడుం వాల్చాను" అనేది. వాళ్లమ్మా అలాగే అనేది. వాళ్ల అమ్మమ్మా అంతే.

భర్త కామేశం మాత్రం బ్యాంకు ఉద్యోగానికి స్వస్తి చెప్పి రెండేళ్లయింది. రోజూ ఒంటిగంటన్నరకి పడుకుని మూడున్నరకి లేచి, "ఏం నిద్రోయ్! ఒళ్లు తెలీలేదనుకో" అని ఊరంతటికీ చెబుతాడు. ఆ మాట ఆఫీసు నుంచి వచ్చిన హైమవతికి సాయంత్రం కాఫీతో పాటు మళ్లీ వినిపిస్తాడు. ఆ వినడంలోనే ఒకరోజు ఆమెకి దరఖాస్తు పెట్టాలన్న బుద్ధి పుట్టింది.

హైమవతి పనిచేసేది కొలపాత్రల ప్రామాణిక మండలిలో. కాకినాడలో పాత గిడ్డంగుల పక్కన రెండంతస్తుల పసుపు భవనం. పాలు పోసే లీటరు పాత్ర నుంచి నూనె కొలిచే డబ్బా వరకు, ఆ మండలి ముద్ర పడితేనే కొలపాత్ర, లేకపోతే ఉత్త గిన్నె. కింది అంతస్తులో నమూనా గది అని ఉంది. అందులో గాజు బీరువా నిండా తాతలనాటి ఇత్తడి కొలతలు: గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, అలా పైకి. వాటితో ఇప్పుడు ఎవరూ ఏమీ కొలవరు. కానీ మండలికి అవంటే భక్తి.

ఆ భవనంలో నూట పన్నెండు మంది ఉద్యోగులు. ఆ వేసవికి వాళ్లలో ముప్పై ఒక్కమంది ముందస్తుగా వెళ్లిపోతామని దరఖాస్తు పెట్టారు. ఇంతమంది ఎందుకు పోతున్నారో తెలుసుకుందామని సంచాలకులు వైకుంఠరావు అరవై నాలుగు ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేయించారు. ప్రతి ఉద్యోగీ దాన్ని మూడు ప్రతుల్లో, వారం వారం నింపాలి. నెల తిరిగేసరికి దరఖాస్తులు నలభై ఏడయ్యాయి.

"పని కష్టమై కాదండీ బాబూ, పని గురించి రాసే కాగితాలు కష్టమై పోతన్నారు" అంది అటెండరు నూకరత్నం, టీ గ్లాసులు సర్దుతూ. ఆ మాట ప్రశ్నపత్రంలో ఏ గడిలోనూ పట్టలేదు.

*

వైకుంఠరావు గారు హైమవతిని పిలిపించారు. బల్ల మీద నలభై ఏడు దరఖాస్తులు. నలభై ఆరు ఒక పక్కన, ఒక్కటి విడిగా, ఎగరకుండా పెట్టిన తూకపు బరువు కింద. ఆ బరువు ప్రామాణికమైనదే, ముద్ర ఉంది.

"హైమవతి గారూ, ఇది మీరు రాసిందేనా?"

"అవునండీ." హైమవతి చెవులు వేడెక్కాయి. "పొరపాటున... అంటే, తొందరలో..."

"పొరపాటా? అమ్మా, నలభై ఆరుగురు రాసింది చూడండి. వ్యక్తిగతము. వ్యక్తిగతము. వ్యక్తిగతము ఎంత? దాన్ని దేనిలో పోసి కొలుస్తాం? మీరొక్కరే కొలవడానికి వీలైన కారణం రాశారు. నిద్ర! నిద్రకి మొదలుంది, చివరుంది. పరిమాణం ఉంది." ఆయన లేచి నిలబడ్డారు. ఆయనకి నిలబడితేగానీ ఆలోచన సాగదు. "ఇప్పుడు చెప్పండి. ప్రభుత్వం పింఛను ఎందుకిస్తుంది?"

"విశ్రాంతి కోసమండీ."

"విశ్రాంతి కోసం! మరి పింఛను పుచ్చుకున్న మనిషి విశ్రాంతి తీసుకోకుండా తిరిగితే?"



"ప్రజానిధుల దుర్వినియోగం!" అన్నారు వైకుంఠరావు. "లీటరు నూనెకి డబ్బు పుచ్చుకుని ముప్పావు లీటరు పోసిన కొట్టువాడికీ, ఈ మనిషికీ తేడా ఏముంది? ఇన్నేళ్లూ ఏ శాఖా ఈ కోణాన్ని స్పృశించలేదు. కొలత మన ధర్మం కాబట్టి మనమే మొదలుపెడతాం. ఇక మీదట విశ్రాంతి తీసుకోగల సామర్థ్యం పరీక్షలో రుజువైతేనే విరమణ. యోగ్యుడికి ముద్ర. అయోగ్యుడు అరవై నిండేదాకా సర్వీసులోనే."

"మంచి ఆలోచనండీ" అంది హైమవతి. పై అధికారి ఏది చెప్పినా ముందు ఆ మాట అనేసి తరవాత భయపడడం ఆమెకి అలవాటు.

"నిబంధనలు మీరే రాయాలి. మీకన్నా బాగా రాసేవాళ్లు ఈ భవనంలో లేరు."

తన మెడకి తాడు తనే పేనుకోవాలని ఆ క్షణంలో ఆమెకి తోచి ఉండాల్సింది. తోచలేదు. 'మీకన్నా బాగా రాసేవాళ్లు లేరు' అన్న మాట చెవిలో పడ్డాక హైమవతికి ఇంకేమీ తోచదు. రెండు రోజులు కూర్చుని పదహారు నిబంధనలు రాసింది. పావుగంట కదలకుండా, ఏ పనీ చేయకుండా, చేయవలసిన పని గురించి మాట్లాడకుండా ఉంటే గిద్దెడు విశ్రాంతి. గంటయితే సోలెడు. రెండు గంటలయితే తవ్వెడు. అభ్యర్థి నమూనా గదిలో పరిశీలకుని ఎదుట పది పనిదినాలు, రోజుకి తవ్వెడు చొప్పున విశ్రాంతి తీసుకుని చూపాలి. మధ్యలో లేస్తే ఆ మేరకు 'తరుగు'. తరుగు హద్దు మించినవారికి చివరి అవకాశంగా ఆదివారం నాడు ఇంట్లోనే పరీక్ష. అక్కడ ఏకబిగిన తవ్వెడు నిద్రపోతే చాలు, ముద్ర పడిపోతుంది.

పదకొండో నిబంధనలో కుటుంబసభ్యుల సాక్ష్యం చెల్లదని రాసింది. మొగుళ్లు పెళ్లాల కోసం, పెళ్లాలు మొగుళ్ల కోసం అబద్ధాలాడతారని ఆమెకి తెలుసు. పద్నాలుగో నిబంధన అంటే మాత్రం ఆమెకి ప్రత్యేకమైన ముచ్చట: "పరిశీలకుని సాక్ష్యము లభ్యము కాని పక్షమున, అభ్యర్థి నోటిమాటయే తుది సాక్ష్యముగా పరిగణింపబడును." పరిశీలకుడు ఏ కాఫీకో పోతే పాపం అభ్యర్థి ఎందుకు నష్టపోవాలి?

ఆ వాక్యం రాసి, తన తెలివికి తనే మురిసి, ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఇంటికి వెళ్లింది.

*

"అయితే నీకు పరీక్ష పెడతారన్నమాట, నిద్రపోవడానికి!" కామేశం బజ్జీ చేతిలో పట్టుకుని పొట్ట అదిరేలా నవ్వాడు. "నన్ను పంపవోయ్, మొదటి మార్కు తెచ్చిపెడతా."

"నవ్వకండి. నాకూ వచ్చు నిద్రపోవడం."

"వచ్చు, వచ్చు. ఎప్పుడైనా చూస్తే ఒట్టు." అని కాస్త దగ్గరికి జరిగి, "సరేగానీ, నువ్వు ఇంట్లో ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది. పదకొండింటికి నాకొక పెసరట్టు. నువ్వు ఆఫీసుకి పోతున్నావు గనక గానీ, నాకు పదకొండింటికి ఆకలేస్తుంది తెలుసా?"

రెండు వీధుల అవతల ఉండే కూతురు లహరి, రెండేళ్ల బుజ్జిదాన్ని చంకనేసుకుని వచ్చింది. "అమ్మా, నిజమేనా? హమ్మయ్య! దీన్ని ఆ చైల్డ్ కేర్‌లో వేయక్కర్లేదు. పొద్దున్న తొమ్మిదికి తెచ్చి వదిలేస్తా, ఆరింటికి తీసుకెళ్తా. నువ్వెలాగూ ఖాళీయే కదా!"

"దానికేం భాగ్యమే" అంది హైమవతి.

అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లకి ఈ వార్త ఎలా చేరిందో చేరింది. నీళ్ల ట్యాంకరు వేళలు చూసుకునే పని ఆవిడ చేతిలో పెడితే బాగుంటుందని, ఆఫీసు మనిషి గనక లెటర్లు కూడా రాసిపెడుతుందని తీర్మానించారట. దానికీ ఆవిడ, "ఎంతసేపు పని లెండి" అంది.

ఆ తరవాత ఒక కాగితం తీసుకుని ఈ పనులన్నీ వేళల ప్రకారం వేసి చూసుకుంది. పొద్దున్న అయిదు నుంచి సాయంత్రం ఏడు వరకు అన్నీ చక్కగా అమిరాయి. మధ్యాహ్నం నిద్రకి నాలుగుంపావు నుంచి నాలుగున్నర దాకా ఖాళీ దొరికింది. గిద్దెడు. 'పోనీలే, గిద్దెడైనా దొరికింది' అనుకుంది హైమవతి.

*

నమూనా గదిలో పరీక్షలు మొదలయ్యాయి. గాజు బీరువా ఎదురుగా ఒక పేము పడకకుర్చీ వేశారు. పక్కన స్టూలు మీద రిజిస్టరు, గోడ గడియారం, పరిశీలకుడు గవర్రాజు. ఆయన పాత్రల విభాగంలో ఇరవై ఏళ్లు చుక్క ఒలికినా పట్టుకున్న మనిషి. కన్నార్పకుండా చూడడం ఆయన వృత్తి.

మొదటి అభ్యర్థి సీనియర్ అసిస్టెంటు జోగారావు. కుర్చీలో కూర్చున్న రెండో నిమిషానికి గుర్రు. గవర్రాజు రిజిస్టరులో రాస్తూ రాస్తూ అలిసిపోయాడు. సోలెడు, తవ్వెడు, మానికెడు! మధ్యాహ్న భోజనానికి లేపితే, "ఇక్కడికే తెప్పించండి" అని అటు తిరిగాడు. మధ్యలో ఎవరో ఫైలు తెచ్చి ముక్కు కింద పెట్టినా తరుగన్నది లేదు. పదిరోజుల్లో కుంచాలు కుంచాలు కొలిచిపోశాడు. భవనమంతా అతన్ని చూడడానికి వచ్చింది.

ముద్ర ఖాయమని అందరూ అనుకుంటుండగా సంచాలకుల ఉత్తర్వు వెలువడింది. "శ్రీ జోగారావు ప్రదర్శించిన విశ్రాంతి అసాధారణమైనది. అయితే, సర్వీసులో ఉండగానే ఇంతటి విశ్రాంతిని నిరాటంకముగా పొందగలుగుతున్న ఉద్యోగికి విరమణ ఆవశ్యకత లేదని మండలి భావించుచున్నది. దరఖాస్తు తిరస్కరించడమైనది."

"ఇదెక్కడి న్యాయమండీ!" జోగారావు లబోదిబోమన్నాడు. "పడుకుంటే పొమ్మనరు, పడుకోకపోతే పోనివ్వరు. మరెవరు పోతారు?"

"అదే మా పరిశోధన" అన్నారు వైకుంఠరావు గారు గంభీరంగా.

ఇంకొకాయన కుర్చీలో పడుకుని కళ్లు మూసుకున్నాడు గానీ పెదవులు కదులుతున్నాయి. ఏమిటని అడిగితే ఫైలు నంబర్లు. తరుగు. మరొకామె పదేపదే ఫోను చూసుకుంది. తరుగు. పరిశీలన సరిగా జరుగుతోందా లేదా చూడడానికి గవర్రాజు మీద ఇంకో పరిశీలకుణ్ణి వేశారు. వాళ్లిద్దరికీ విశ్రాంతి ఇవ్వడానికి మరో ఇద్దరిని. పైన సెక్షన్లలో మనుషులు పల్చబడ్డారు. ముద్ర కోసం వచ్చిన పాలపాత్రలు వరండాలో వరసగా పేర్చి ఉన్నాయి, ఎండకి మిలమిలలాడుతూ. ఆ వారం కొత్తగా ఇరవై మంది విరమణకి దరఖాస్తు పెట్టారు.

*

హైమవతి వంతు వచ్చింది.

మొదటిరోజు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకోగానే ముక్కు పనిచేయడం మొదలుపెట్టింది. దుమ్ము వాసన. ఓర్చుకుంది. అయిదు నిమిషాలు, ఆరు. కళ్లు తెరిచి చూస్తే కర్టెన్ కొక్కెం ఒకటి ఊడి వేలాడుతోంది. ఇంకో మూడు నిమిషాలు ఓర్చుకుని, చటుక్కున లేచి కొక్కెం తగిలించి వచ్చింది.

"తరుగండీ" అన్నాడు గవర్రాజు బాధగా.

"అయ్యో, కొక్కెమే కదండీ!"

"మీరు రాసిందేనమ్మా. అయిదో నిబంధన."

రెండోరోజు గడియారం రెండు నిమిషాలు ఆలస్యంగా నడుస్తోందని కనిపెట్టి స్టూలెక్కి సరిచేసింది. మూడోరోజు గాజు బీరువాలో ఇత్తడి కొలతలు నల్లబడి ఉండడం ఆమెని నిలవనీయలేదు. "రత్తాలూ, కాస్త చింతపండు తేవే" అని నూకరత్నాన్ని కేకేసి, పైటచెంగు బిగించి, గిద్ద నుంచి కుంచం దాకా తోమి బంగారంలా చేసింది. గవర్రాజు ఆ రోజు తరుగు కింద తవ్వెడూ రాశాడు. నాలుగోరోజు ఆ తరుగు కూడికలో తప్పు దొర్లిందని గమనించి, "ఇలా ఇవ్వండి" అని రిజిస్టరు లాక్కుని, తన తరుగు తనే సరిగ్గా కూడి ఇచ్చింది. గవర్రాజు రాసినదానికన్నా అర సోలెడు ఎక్కువే తేలింది.

"ఏంటమ్మగారండీ, మీరు పడుకోవడానికి వచ్చారా, ఈ గది బాగుసేయడానికి వచ్చారా?" అంది నూకరత్నం. "ఆ కళ్లు మూసుకుని, ఎవరేమైతే నాకేటని ఉండలేరా?"

"ఉండాలనే ఉందే. ఒళ్లు మాట వినడం లేదు."

"ఆయ్, మా అత్త అంతేనండి. సచ్చిపోయేరోజున కూడా మంచం దుప్పటి సరిగా లేదని లేసింది."

పదిరోజులయ్యేసరికి హైమవతి ఖాతాలో పడిన విశ్రాంతి అంతా కలిపి మూడు గిద్దలు. అందులో రెండు, కరెంటు పోయి చీకట్లో ఏ తప్పూ కనపడనప్పుడు పడ్డవి.

ఇంటికి వెళ్లే దారిలో ఆమె ఏడ్చింది. అది ఏడవాల్సిన విషయం కాదని తెలిసే ఏడ్చింది. ముప్పై ఏళ్లు అందరూ తనని పనిమంతురాలు అంటుంటే పొగడ్తనుకుంది. అది రోగమని ఇప్పుడు రిజిస్టరులో లెక్కతో సహా తేలింది. ఇక మిగిలింది ఆదివారం. ఏకబిగిన తవ్వెడు. రెండు గంటలు. పోతే ఇంకో ఏడేళ్లు, ఇదే బస్సు, ఇవే మెట్లు.

*

ఆదివారం పన్నెండింటికి తనిఖీ బృందం దిగింది. వైకుంఠరావు గారు, రిజిస్టరుతో గవర్రాజు, పడకకుర్చీని ఆటోలో వేసుకుని నూకరత్నం. 'కుటుంబం సహజ స్థితిలో ఉండవలెను' అని తొమ్మిదో నిబంధన కాబట్టి కామేశం, లహరి, బుజ్జిది కూడా ఉన్నారు.

ఇంటికి వచ్చినవాళ్లు అధికారులైనా తనిఖీకే వచ్చినా, భోజనం వేళకి వచ్చారు. హైమవతి తెల్లవారి నాలుగింటికే లేచింది. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ పులుసు, పూర్ణాలు, గడ్డపెరుగు. పూర్ణాల మధ్య చిల్లి పెట్టి నెయ్యి పోసింది.

"మేము పరిశీలనకి వచ్చాం అమ్మా, ఇదంతా..." అన్నారు వైకుంఠరావు గారు నాలుగో పూర్ణం మీద.

"ఇంకొక్కటి వేసుకోండి."

"పరిశీలనకి బలం కావాలి కదండీ" అన్నాడు గవర్రాజు.

ఒంటిగంటకి చేతులు కడుక్కున్నారు. పడకకుర్చీ హాల్లో ఫ్యాను కింద వేశారు. సంచాలకులు గొంతు సవరించుకుని, "అభ్యర్థి ఇక విశ్రమించవచ్చు" అని ప్రకటించారు.

"ఒక్క అయిదు నిమిషాలండీ. గిన్నెలు నానేసి వస్తాను."

గిన్నెలు నానేసి, పొయ్యిగట్టు తుడిచి, మిగిలిన పెరుగు ఫ్రిజ్జులో పెట్టి, ఆమె హాల్లోకి వచ్చేసరికి ఒంటిగంటా నలభై.

వైకుంఠరావు గారు సోఫాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగిపోయారు. నోరు తెరుచుకుని ఉంది. గవర్రాజు గోడకి చేరగిలపడి, రిజిస్టరు పొట్ట మీద పెట్టుకుని, పెన్ను వేళ్ల మధ్య అలాగే ఉండగా నిద్రపోతున్నాడు. కామేశం తన వేళకి తాను పడుకున్నాడు, దానికి పరీక్షలతో సంబంధం లేదు. నూకరత్నం వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. లోపల గదిలో బుజ్జిదాన్ని జోకొడుతూ లహరి తనే జోగిపోయింది.

హైమవతి హాలు మధ్యలో నిలబడి అందరినీ చూసింది. గవర్రాజు చేతిలోంచి పెన్ను మెల్లిగా తీసి మూత పెట్టింది. ఫ్యాను వేగం ఒక పాయింటు తగ్గించింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఇంకా చేయాల్సిన పని ఏదైనా ఉందేమోనని చుట్టూ చూసింది. కర్టెన్ కొక్కేలన్నీ ఉన్నాయి. గడియారం సరిగానే ఉంది.

ఎవరూ పిలవడం లేదు. ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఇల్లంతా ఊపిరి తీస్తోంది, ఒక్కొక్కరిది ఒక్కో లయ. బయట మే నెల ఎండ. గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతోంది. చూసేవాళ్లు లేనప్పుడు కూర్చుంటే ఏమవుతుందిలే అని, ఆమె పడకకుర్చీ అంచున కూర్చుంది. తరవాత కాస్త వెనక్కి జరిగింది. చెంప పేము అల్లిక మీద ఆన్చింది.

తరవాత ఏం జరిగిందో ఆమెకి తెలియదు. ముప్పై ఏళ్ల తరవాత మొదటిసారిగా, ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

*

కళ్లు తెరిచేసరికి నాలుగవుతోంది. చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. వైకుంఠరావు గారు కర్చీఫుతో మొహం తుడుచుకుంటున్నారు. గవర్రాజు రిజిస్టరు తిరగేస్తున్నాడు. ఒంటిగంట తరవాత అందులో ఒక్క గీతా లేదు.

"పరిశీలకా, నమోదు చేశావా?"

"ఆ సమయంలో నేను... అంతర్ముఖంగా పరిశీలిస్తున్నానండి."

"నేనూ అంతే" అన్నారు సంచాలకులు, తొందరగా.

"అమ్మ నిద్రపోయింది! నేను లేచి చూసేసరికి హాయిగా పడుకునుంది" అంది లహరి.

"కుటుంబసభ్యుల సాక్ష్యం చెల్లదమ్మా. పదకొండో నిబంధన." వైకుంఠరావు గారు చేయెత్తి వారించి, హైమవతి వైపు తిరిగారు. ఆయన మొహం మీద దయ ఉంది. పూర్ణాలు తిన్న దయ. "అమ్మా, మీకు నియమాలు చెప్పక్కర్లేదు. పద్నాలుగు వర్తిస్తుంది. మీ నోటిమాటే తుది సాక్ష్యం. ముద్ర నా జేబులోనే ఉంది. ఒక్క మాట చెప్పండి. మీరు నిద్రపోయారా?"

కామేశం కళ్లతోనే 'అనవోయ్' అన్నాడు. నూకరత్నం సంచాలకుల వెనక నిలబడి తల కిందికీ పైకీ ఊపుతోంది.

హైమవతి లేచి కూర్చుంది. ముడి వదులై జుట్టు భుజం మీద పడింది. చెంప మీద పేము అల్లిక గళ్లు గళ్లుగా, ఎర్రగా అచ్చుపడింది. నాలుగయింది, ఇంటినిండా మనుషులు, ఎవరికీ టీ లేదు. పొద్దు వాలుతుంటే ఇంటి ఇల్లాలు పదిమంది మధ్య కుర్చీలో పడుకుని ఉంది. 'నిద్రపోయానండీ' అనాలనే నోరు తెరిచింది. దేవుడి మీద ఒట్టు, ఆ మాటే నాలిక మీద ఉంది.

"అబ్బే! నిద్రేం లేదండీ" అంది హైమవతి, గబగబా జుట్టు ముడేసుకుంటూ. "ఉత్తినే నడుం వాల్చాను. ఉండండి, టీ పెట్టుకొస్తాను."

గవర్రాజు పెన్ను మూత తీసిన చప్పుడు వంటింటి దాకా వినిపించింది.

*

ఉత్తర్వు మంగళవారం వచ్చింది. "అభ్యర్థి తమ నోటిమాట ద్వారా విశ్రాంతిని నిరాకరించినందున..." అని మొదలైంది. తిరస్కరణతో పాటు పదోన్నతి కూడా ఉంది. విశ్రాంతి తీసుకోలేని ఉద్యోగికి, ఈ పరీక్షల కోసం కొత్తగా పెట్టిన విశ్రాంతి విభాగం అప్పగిస్తే పక్షపాతానికి తావుండదు గనక, ఆ విభాగాధిపతిగా హైమవతిని నియమించారు. ఆ ఉత్తర్వులో రెండు చోట్ల వాక్యం కుదరలేదు. ఆమె ఎర్ర పెన్సిలుతో సరిదిద్ది, శుద్ధప్రతి టైపు చేయించి, తనకి తాను పంపుకుని, అందినట్టు సంతకం పెట్టింది.

కొత్త హోదాలో ఆమె చేసిన మొదటి పని, పద్నాలుగో నిబంధనకి సవరణ. "అభ్యర్థి చెంపపై కుర్చీ అల్లిక గుర్తు కనబడిన యెడల, అభ్యర్థి ఏమి చెప్పినను వినరాదు."

వైకుంఠరావు గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు. "అద్భుతం. ముద్రంటే ముద్రే. కాకపోతే అమ్మా, ఇది పాత దరఖాస్తులకి వర్తించదు."

"తెలుసండీ. ఆ ముక్క కూడా నేనే రాశాను, కింద చూడండి."

సీటుకి వచ్చి, సొరుగులోంచి కొత్త దరఖాస్తు ఫారం ఒకటి తీసింది. పేరు, హోదా, పుట్టిన తేదీ నింపింది. 'కారణము' గడి దగ్గర పెన్ను ఆగింది. ఇల్లూ, పెసరట్టూ, బుజ్జిదీ, నీళ్ల ట్యాంకరూ, ఫ్యాను నీడ తిరిగిన ఆ గోడా, అన్నీ కళ్లముందు మెదిలాయి. ఆ గడిలో అవేవీ పట్టవు.

"వ్యక్తిగతము" అని రాసింది.